సందుకు అడ్డంగా గోడ

మొన్న మా వీధిలో ఎవరో కొత్త గోడకు నీళ్లు కొడుతుంటే తడి సిమెంటు వాసన వచ్చింది. ఆ వాసనకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను ఆరో తరగతిలో ఉండగా, విజయవాడ భవానీపురంలో మా ఇంటికి వెళ్లే సందుకు అడ్డంగా పక్కింటాయన గోడ కట్టించాడు. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా నాయనమ్మ రోడ్డెక్కాలంటే వెనకింటివాళ్ల పెరట్లోంచి, మురుగుకాలవ దాటుకుంటూ వెళ్లాల్సి వచ్చేది. నాన్న కోర్టులో కేసు వేశారు. వెళ్లినప్పుడల్లా "మళ్లీ వాయిదా" అంటూ తిరిగొచ్చేవారు.

చట్టాలు చేసేది ఎమ్మెల్యేలని అప్పుడే సోషల్ పాఠంలో చదివాను. చేసినాయనకే చెబితే సరిపోతుంది కదా అనుకున్నాను. ఎన్నికలప్పుడు ఎమ్మెల్యేగారు ఓట్లడగడానికి మా వీధికి వస్తే ఎదురెళ్లాను. పక్కింటాయన జెండా పట్టుకుని ఆయన వెనకే ఉన్నాడు.

"చట్టాలు మీరే చేస్తారంట కదండీ. మా గోడ తీయించమని జడ్జిగారికి చెప్పండి."

ఆయన నవ్వారు. "నేను చెప్పకూడదమ్మా. చెప్పినా ఆయన వినకూడదు."

నాకు ఏడుపొచ్చేసింది. "అయితే మీకు ఓటెందుకెయ్యాలండీ?"

నా వెనకే వచ్చిన నాయనమ్మ గబుక్కున నా నోరు మూసింది.

నేను ఇంటర్ చదివేటప్పుడు తీర్పు మావైపే వచ్చింది, గోడ కూలగొట్టారు. అప్పటికి నాయనమ్మ మంచం దిగడం మానేసింది. అంత ఆలస్యం చేసినందుకు ఆ కోర్టు మీద కోపం నాకింకా పోలేదు. కానీ ఎమ్మెల్యేగారి మాట జడ్జిగారు వినేవారే అయితే, ఆ మాట చెప్పించుకునేది మేం కాదనీ, వెనక జెండా పట్టుకున్నాయనేననీ పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు.