ఈల ఊదేదాకా

కరోనా తర్వాత బడులు మళ్ళీ గాడిన పడ్డ రెండో ఏడాది, మార్చి నెల. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు కిలోమీటరు దూరంలో ఉన్న ఒక సర్కారు హైస్కూల్లో నేను పీఈటీని. అంటే ఆటలు, డ్రిల్లు నేర్పే సారును. మా బస్తీ వాళ్లకు ఈల సారును. పదహారేళ్లు మెడలో ఈల వేసుకుని తిరిగిన మనిషికి కాస్త పొగరు ఉంటుంది. నాకు కాస్త ఎక్కువే ఉండేది. నేను ఈల వేస్తే మూడు వందల మంది పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగాలి. ఆగేవాళ్లు కూడా.

బడిలో మౌనం పాటించడం వెనక ఎంత పని ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. దేశంలో ఎక్కడ ఏ ఘోరం జరిగినా ముందురోజు సాయంత్రం మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. రేపు పదకొండు గంటలకు రెండు నిమిషాలు మౌనం, పన్నెండు లోపు వీడియో పెట్టాలి అని. పిల్లల్ని వరుసలో నిలబెట్టడం, సావధాన్ చెప్పడం, లాంగ్ విజిల్, అంటే పొడవాటి ఈల వేసి మొదలుపెట్టడం, వాచీ చూసుకుని ఇంకో ఈలతో ముగించడం అన్నీ పీఈటీ నెత్తినే. పిల్లలకు పరుగు నేర్పడం ఎంతసేపు? కదలకుండా నిలబడటం నేర్పండి, తెలుస్తుంది.

ఆ ఏడాది జనవరిలో మేము పెట్టిన వీడియోలో దగ్గులు, కిసకిస నవ్వులు వినిపించాయి. పై అధికారి ఒకరు దాని కింద ‘డిసిప్లిన్?’ అని ఒక్క మాట రాశారు. జిల్లాలో సగం మంది పీఈటీలు ఆ గ్రూపులో ఉన్నారు. ఆ ప్రశ్నార్థకం చూశాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మళ్ళీ ఇలాంటిది వస్తే నేనేమిటో చూపిస్తాననుకున్నాను.

మార్చిలో వచ్చింది. కొండల్లో జవాన్లు వెళ్తున్న బండి లోయలో పడి చాలామంది పోయారు. వార్త విని నాకూ బాధ కలిగింది, అబద్ధం చెప్పను. కానీ మెసేజ్ చూడగానే ముందు గుర్తొచ్చింది మాత్రం ఆ ప్రశ్నార్థకమే.

అప్పటికి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మార్కెట్లో మిర్చి సీజన్ జోరుమీద ఉంది. ఆ రోజుల్లో గాలి అటువైపు నుంచి తిరిగితే మా బడిలో పాఠం చెప్పే సార్లు కూడా ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంటారు. పిల్లలు తుమ్ముతూ దగ్గుతూనే లెక్కలు చేస్తారు. అలవాటైపోయి ఎవరూ పట్టించుకోరు. పదకొండింటికి పిల్లల్ని ఎండలో నిలబెట్టినప్పుడు నేను ఎండ గురించి ఆలోచించాను, గాలి గురించి ఆలోచించలేదు.

ఈల వేశాను. లెక్కల సారు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. నిమిషం గడిచిందో లేదో తొమ్మిదో తరగతి ఆడపిల్లల వరుసలో ఎవరో దగ్గారు. ఒకటి కాదు, తెరలు తెరలుగా. అంతలో లెక్కల సారు చెయ్యి దించేశాడు.

“ఫోన్ నిండిపోయింది సార్. రికార్డు కాలే. మళ్ల తియ్యాలె.”

నాకు ఒళ్లు మండింది. ఫోన్ మీద అరవలేను గదా, పిల్లల మీద అరిచాను.

“ఎవలు దగ్గింది?”

రవళి చెయ్యెత్తింది. మా బడిలో ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించేది ఆ పిల్లే. ఖోఖో జట్టులో కూడా ఉంది. చెప్పిన మాట జవదాటని పిల్ల. తండ్రి సమ్మయ్య మార్కెట్లో హమాలీ, మిర్చి బస్తాలు మోస్తాడు.

“నువ్వా బిడ్డా? నువ్వే గిట్ల జేస్తే మిగిలినోళ్లకు ఏం జెప్పాలె? సచ్చిపోయిన జవాన్ తల్లి ఈ వీడియో సూత్తే ఏమనుకుంటది? రెండు నిమిషాలు ఆగలేమా మనం?” అన్నాను. తర్వాత అందరి వైపు తిరిగి, “ఈసారి ఊపిరి సప్పుడు గూడ ఇనవడొద్దు. నేను ఈల ఊదేదాక ఏమైనా సరే, ఎవ్వలు కదలొద్దు” అన్నాను.

రవళి తల వంచుకుంది. నేను మళ్ళీ ఈల వేశాను.

ఆ రెండో మౌనం లాంటిది నా సర్వీసులో చూడలేదు. జెండా కర్రకు తాడు తగిలే చప్పుడు వినిపించింది. నేను వాచీ చూస్తూ మధ్యలో తలెత్తాను. రవళి పెదాలు బిగించి నిలబడింది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. జవాన్ల కోసం ఏడుస్తోంది, నా మాట ఎంత బాగా తగిలిందో అనుకున్నాను. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పక్కనున్న మానస, రవళి స్నేహితురాలు, నా వైపు చూసి చెయ్యి సగం పైకి లేపింది. నేను కళ్లు పెద్దవి చేశాను. ఆ చెయ్యి కిందికి దిగిపోయింది.

రెండు నిమిషాలు పూర్తయ్యాక ఈల ఊదాను. ఈల విన్నాకే రవళి కూలబడింది.

దగ్గరికి వెళ్లేసరికి ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. గాలి లోపలికి పోతున్నట్టు లేదు, పిల్లి కూతలా సన్నగా శబ్దం వస్తోంది. పెదాలు నల్లబడుతున్నాయి. మానస అప్పటికే క్లాసులోకి ఉరికి రవళి బ్యాగులోంచి పీల్చుకునే పంపు తెచ్చింది. నొక్కితే అందులో మందు లేదు.

“దానికి దమ్మున్నది సార్. నీకు జెప్పొద్దన్నది. జెప్తె ఖోఖోల నుంచి తీసేస్తవని” అంది మానస. దమ్మంటే ఉబ్బసం.

హెచ్.ఎం. మేడం 108కి ఫోన్ చేసింది. బండి వచ్చేసరికి ఎంత సేపవుతుందో చెప్పలేమన్నారు. బస్తీ దవాఖాన రెండు కిలోమీటర్ల దూరం. నేను బైక్ తీశాను. మధ్యలో రవళిని కూర్చోబెట్టాను, వెనక మానస పట్టుకుని కూర్చుంది. రవళి తల నా వీపుకు ఆనుకుని ఉంది. ఆ శబ్దం చొక్కాలోంచి నాకు తెలుస్తూనే ఉంది. అది వినిపిస్తున్నంతసేపు ఒక భయం, ఒక్క క్షణం వినిపించకపోతే అంతకు పదింతల భయం.

మలుపు దగ్గర నేను అలవాటుగా మార్కెట్ రోడ్డు వైపు తిప్పాను. అదే దగ్గరి దారి.

“సార్, గేటు కాడికెల్లి వద్దు” అని వెనకనుంచి మానస అరిచింది. “మిర్చి బండ్లు లైను గట్టినయ్. ఆ ఘాటుకు అది ఆగది. చుట్టు తిరిగి పోదాం.”

చుట్టు తిరిగితే ఇంకో కిలోమీటరున్నర. ఒక్క క్షణం ఏమీ తోచలేదు. ఇందాక ఈ పిల్ల చెయ్యెత్తితే నేను దింపించాను. బండి తిప్పేశాను. ఆ దారిలో దేవుడికి ఏమేం మొక్కుకున్నానో ఇప్పుడు గుర్తులేదు, చాలా మొక్కుకున్నాను.

దవాఖానలో నర్సమ్మ మమ్మల్ని చూడగానే ఏమీ అడగకుండా నెబులైజర్ తగిలించింది. మందును పొగమంచులా చేసి మూతి మీది మాస్కు ద్వారా పీల్పించే మిషను అది. డాక్టరమ్మ వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, “ఎంతసేపైంది గిట్ల పట్టుకుని?” అని అడిగింది.

“పది పదిహేను నిమిషాలు అయితుండొచ్చు మేడం” అన్నాను.

“మరి అప్పుడే ఎందుకు తీసుకరాలేదు?”

మానస నా మొహం చూసి, మళ్ళీ రవళి మాస్కు వైపు తిరిగింది. ఆ పిల్ల ఒక్క మాట అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

బయట బెంచీ మీద కూర్చున్నాను. జేబులో ఫోన్ మోగింది. లెక్కల సారు పాపం టైముకే వీడియో గ్రూపులో పెట్టేశాడు. దాని కింద అదే అధికారి రాశారు, ‘ఎక్సలెంట్ డిసిప్లిన్’ అని. పక్కన చప్పట్లు కొడుతున్న చేతుల బొమ్మలు. వాటి కింద ఇంకో పది మంది పీఈటీల బొటనవేళ్లు. వీడియో తెరిచి చూశాను. నిమిషం దాటాక రవళి చెయ్యి మానస చున్నీని పట్టుకోవడం కనిపించింది. మానస చెయ్యి లేవడం కనిపించింది, దిగడం కనిపించింది. అంత స్పష్టంగా ఉంది. చప్పట్లు కొట్టినవాళ్లెవరికీ అది కనిపించలేదు, ఎదురుగా నిలబడ్డ నాకే అర్థం కాలేదు, వాళ్లననేదేముంది.

సమ్మయ్య వచ్చాడు. మార్కెట్ నుంచి ఉరికొచ్చినట్టున్నాడు, ఒంటినిండా ఎర్రటి దుమ్ము. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“లోపలికి రా సమ్మన్నా” అన్నాను.

“వద్దు సార్. నా బట్టలకు మిర్చి ఉన్నది. అది పిల్లకు ఇంకింత దమ్ము లేపుతది. ఇంటికాడ గూడ బయటనే తానం జేసి పోత నేను.” కిటికీ దగ్గరికి పోయి ఊచలకు కాస్త దూరంగా నిలబడి లోపలికి చూశాడు. “ఎట్లున్నది సార్?”

“జర ఆగుమన్నరు. తగ్గుతాంది.”

అతనికి నిజం చెప్పేశాను. దగ్గొద్దని నేనే అన్నానని, ఆ పిల్ల ఆపుకుందని. తిడతాడనుకున్నాను, తిట్టాలనే ఉంది నాకు. సమ్మయ్య కిటికీ నుంచి నా వైపు తిరిగాడు.

“ఇరవై ఏండ్ల సంది ఆ యార్డుల పని జేస్తాన సార్. ఒక్క సేటు గూడ నన్ను దగ్గకు అనలే” అన్నాడు.

అంతే అన్నాడు. తర్వాత మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

గంట గడిచాక ఆ కూత తగ్గింది. డాక్టరమ్మ లోపలికి పిలిచింది. రవళి మాస్కు పక్కకు జరిపి నన్ను చూసింది. ఏడుస్తుందేమో, భయపడుతుందేమో అనుకున్నాను. ఆ పిల్ల నాకు రిపోర్టు ఇచ్చింది.

“సార్, నేను దగ్గలే” అంది.

నాకు ఏడుపు ఆగలేదు. పదహారేళ్లలో పిల్లల ముందు ఏడవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత చేయాల్సినవి చేశాం. ఆఫీసు బీరువాలో రెండు పంపులు ఉంచాం. ఎవరికి ఏ జబ్బుందో తల్లిదండ్రులను పిలిచి అడిగి రాసుకున్నాం. ఖోఖోలోంచి ఎవరినీ తీసేయనని పిల్లలకు నేనే చెప్పాను. డాక్టరమ్మ వద్దనడంతో రవళి ఆ ఏడాది పరుగెత్తలేదు గాని జట్టుతోనే ఉండి స్కోరు రాసింది. ఎవరికైనా ఆయాసం వస్తే మొదట కనిపెట్టేది కూడా తనే. క్రమశిక్షణ అంటే నా మాట వినడం అని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. చెప్పిన మాట వినే పిల్లల విషయంలోనే సారు ఎక్కువ భయపడాలని నాకు ఆ రోజు తెలిసింది. అల్లరి పిల్లలు నా మాట సగమే వింటారు కాబట్టి బతికిపోతారు.

మరుసటి ఏడాది మళ్ళీ మెసేజ్ వచ్చింది. ఎక్కడో వంతెన కూలి జనం పోయారు. మళ్ళీ వరుసలు, మళ్ళీ లెక్కల సారు ఫోన్. ఈల వేసేముందు పిల్లలకు చెప్పాను, “దగ్గొస్తే దగ్గుండ్రి. పానం బాగలేకుంటే కూసోండ్రి. పక్కోళ్లకు బాగలేకుంటే నోరు తెరిచి జెప్పుండ్రి. పోయినోళ్లు ఏమనుకోరు” అని. ఈల వేశాను. వాచీని జేబులో పెట్టి మొహాలు చూస్తూ నిలబడ్డాను. అరనిమిషం గడిచిందో లేదో పదో తరగతి వరుసలోంచి మానస గొంతు గట్టిగా వినిపించింది.

“సార్, ఆరో తరగతి పిల్లకు కండ్లు తిరుగుతున్నయట.”

“కూసో బిడ్డా. నీళ్లు తాగు. రవళీ, జర పట్టుకో” అన్నాను.

ఇంకా నిమిషమున్నర మౌనం ఉంది. అది కూడా పూర్తి చేశాం. లెక్కల సారు నా దగ్గరికొచ్చి, “మళ్ల తీద్దామా సార్? మీ మాటలు వచ్చినయ్” అన్నాడు.

వద్దన్నాను. ఆ వీడియోనే గ్రూపులో పెట్టించాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.