ప్లగ్గు పీకించి చూసే మా సార్

మా సార్ పోయి నెల దాటింది. ఆ రోజు పొద్దున గద్వాల నుంచి సార్ భార్య, మా మేడం ఫోన్ చేశారు. "బిడ్డా, సార్ లేరు. చాయ్ తాగి కుర్చీల కూసున్నరు, గట్లనే ఒరిగిండ్రు. దవాఖానదాంక గూడ పోలే" అన్నారు. వనపర్తిలో నా గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాను. జవాబుగా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "పైన మిషిన్లు నడుస్తున్నయా మేడం?" అని అడిగాను. ఆమె ఏమీ అనుకోలేదు. పెళ్లయిన నాటి నుంచీ ఆ ఇంట్లో అలాంటి మాటలే విన్న మనిషి. "నడుస్తున్నయి. నువ్వు రా" అన్నారు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలియాలని ఆయన కూడా ఏనాడూ కోరుకోలేదు. వనపర్తిలో ఒక కాలేజీలో మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పారు. రిటైరై సొంతూరు గద్వాలకు వెళ్లాక మేడ మీది గదిలో నాలుగు మిషిన్లు పెట్టుకుని, ఎవరూ జీతమివ్వని ఒక పనిని చివరి రోజు వరకూ చేశారు. ఎక్కడెక్కడి ప్రోగ్రాములో ఆయన రాసిన ఒక చిన్న ప్రోగ్రాము ముక్కను వాడుకుంటున్నాయి. దాన్ని చూసుకునే బాధ్యత ఇప్పుడు నా మీద పడింది. ఒకసారి దాన్ని చెడగొట్టింది కూడా నేనే. అందుకే ఆయన్ని తలుచుకోవాలంటే నా తప్పును కూడా చెప్పుకోక తప్పదు.

ఆ పని ఏమిటో ఆయన క్లాసులో చెప్పిన తీరులోనే చెబుతాను. టిఫిన్ హోటల్లో వంటగదికీ బయటి బల్లలకీ మధ్య గోడలో ఒక కిటికీ ఉంటుంది. దోసె వీధిలోకి పోయి చుట్టు తిరిగి రాదు, ఆ కిటికీలోంచే బల్ల మీదికి వస్తుంది. ఒకే కంప్యూటర్‌లో ఉన్న రెండు ప్రోగ్రాములు ఇంటర్నెట్ జోలికి పోకుండా మాట్లాడుకోవడానికి పెట్టుకున్న అలాంటి కిటికీయే లోకల్ సాకెట్. ఒక ఫోల్డర్‌లో దానికో పేరుంటుంది. ఒక ప్రోగ్రాము ఆ పేరు దగ్గర కాచుకుని ఉంటుంది, రెండోది వచ్చి తడుతుంది. వినడానికి ఇంతే. కానీ కంప్యూటర్లను నడిపే సిస్టముల్లో లినక్స్ దాన్ని ఒక తీరుగా కడుతుంది, విండోస్ ఇంకో తీరుగా, మ్యాక్, బిఎస్‌డి మరో తీరుగా. ఈ తేడాలన్నీ తాను నెత్తినేసుకుని, వాడుకునేవాళ్లకు అన్నిచోట్లా ఒకేలా కనిపించేట్టు చేయడం, ప్రతి మార్పు తర్వాతా నాలుగింటి మీదా పరీక్షించడం సార్ పెట్టుకున్న పని.

ఆయన పరీక్షలకు వాడే ఫోల్డర్ల పేర్లు చూస్తే నవ్వొచ్చేది. "సోమశిల పడవల పోయినప్పటి ఫొటోలు" అని తెలుగులో బారెడు పేరు పెట్టేవారు. తెలుగు అక్షరం కంప్యూటర్ లోపల ఇంగ్లీషు అక్షరానికి మూడింతల చోటు తింటుంది. సాకెట్ పేరుకేమో ఇచ్చే చోటు తక్కువ. ఇంగ్లీషు పేర్లు పెట్టుకునేవాళ్లకు ఎన్నటికీ కనపడని తప్పులు మన పేరు పెట్టగానే బయటపడేవి. "మన మిషిన్ల మన పేరు పెట్టుకునుడు గూడ తప్పేనా ఏంది?" అనేవారు.

అన్నిటికంటే విచిత్రమైనది కరెంటు పరీక్ష. ప్రోగ్రాము మామూలుగా ఆగిపోతే తన కిటికీని తానే మూసి, పేరు చెరిపేసి పోతుంది. మధ్యలో కరెంటు పోతే మాత్రం ఆ పేరు అక్కడే ఉండిపోతుంది. మిషిన్ మళ్లీ లేచాక కొత్తగా వచ్చిన ప్రోగ్రాము ఆ పాత పేరు చూసి, ఇక్కడ ఇంకెవరో ఉన్నారనుకుని ఆగిపోతుంది. అలా ఆగకుండా ఉందో లేదో చూడాలి. లోకంలో ఇంకెవరైనా అయితే ప్రోగ్రామును చంపే ఒక ఆదేశం రాసి సరిపెట్టుకుంటారు. సార్ నిజంగానే ప్లగ్గు పీకించేవారు. అదీ తనకు చెప్పకుండా. "కరెంటోళ్లు మనకు చెప్పి తీస్తరా?" అనేది ఆయన వాదన. ఆ పని మేడంకు అప్పజెప్పారు. ఆమె గది ఊడ్చడానికి వచ్చినప్పుడు తన ఇష్టమొచ్చిన ప్లగ్గు పీకి, చీపురు పట్టుకుని ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయేవారు. ఇంటికి వచ్చినవాళ్లు చూసి మొగుడూ పెళ్లాలకు పడటం లేదేమో అనుకున్న సందర్భాలున్నాయి. మార్పులు చేసి కొత్తగా బయటికిచ్చే ప్రతి విడుదలతో పాటు వచ్చే వివరాల్లో మాత్రం "కరెంటు పరీక్ష: మా ఇంటామె" అని రాయడం ఆయన మరచిపోలేదు. అది చదివి ఏ దేశం నుంచో ఎవరో ఆమెకు నమస్కారాలు పంపితే, మేడం ఆ రోజంతా కాలనీలో అందరికీ చెప్పుకున్నారు.

సార్‌కు కోపం రావడం నేను చూడలేదు. ఆయనకు నచ్చని మాట మాత్రం ఒకటుండేది: "నా మిషిన్ల నడుస్తున్నది సార్." ఎవరైనా ఆ మాట అంటే కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నీ మిషిన్ల నడుస్తే నువ్వు సంతోషపడు. ఎవల మిషిన్ల నడుస్తలేదో గది చెప్పు" అనేవారు. నాకు చిన్నప్పుడు అమరచింతలో ఉన్న రోజుల నుంచీ తొందరెక్కువ. పరీక్ష పేపరు అందరికంటే ముందు ఇచ్చి బయటికొచ్చే రకం. అలాంటిదాన్ని ఆయన ఎందుకు దగ్గరికి తీశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఉద్యోగంలో చేరాక కూడా నన్ను ఆ పనిలో కలుపుకుని, విడుదల చేసే అధికారం కూడా ఇచ్చారు.

ఆ అధికారంతో నేను చేసిన నిర్వాకం ఇది. పాత పేరును తొలగించే భాగాన్ని తిరగరాశాను. మూడింటి మీద నడిచింది, విండోస్ మీద పరీక్ష ఫెయిలైంది. అక్కడ ఆ ఫైలును మామూలు పద్ధతిలో అడిగితే తాను సాకెట్‌నని చెప్పదు. నేను మామూలు పద్ధతిలోనే అడిగాను. కారణం వెతికే ఓపిక లేక, ఆ ఒక్క పరీక్షను విండోస్‌లో నడపొద్దని పక్కన పెట్టేశాను. నడపని పరీక్ష ఫెయిల్ కాదు కదా. ఫలితాలు చూపే పేజీ నిండా పాసైనట్టు పచ్చ గుర్తులు వచ్చాయి. సార్ అప్పుడు కంటి ఆపరేషన్ చేయించుకుని ఉన్నారు. నేను విడుదల చేసేశాను.

నాగర్‌కర్నూల్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో మా ముక్కను వాడేవారు. రక్తం చూసే యంత్రం నుంచి అంకెలు తీసుకునే ప్రోగ్రాము ఒకటి, కాగితం మీద అచ్చేసేది ఒకటి, రెండూ విండోస్ మీదే, వాటి మధ్య మా సాకెట్. జ్వరాల కాలం. వర్షానికి కరెంటు పోయి వచ్చింది. అచ్చేసే ప్రోగ్రాము ఇక లేవలేదు. ల్యాబు నడిపే ఆయన సార్‌కు ఫోన్ చేస్తే, సార్ గద్వాల నుంచి వనపర్తి వచ్చి, నన్ను వెంటబెట్టుకుని నాగర్‌కర్నూల్ బస్సెక్కారు. బిజినేపల్లిలో బస్సు ఆగితే సీతాఫలాలు కొని ఒకటి నా చేతిలో పెట్టారు. తిట్టినా బాగుండేది. ఆ పండు తినలేక, పడేయలేక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ల్యాబులో బల్లల మీద చోటు లేదు. అక్కడి టెక్నీషియన్ యంత్రం మీద కనపడే అంకెలను చూసి చేత్తో రాసిస్తోంది, ఒక్కో కాగితం రెండుసార్లు సరిచూసుకుంటోంది. కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె, పక్కన జ్వరంతో వాలిపోయిన కూతురు. "పొద్దుగాల్నుంచి కూసున్న సారూ. రక్తం తీస్కున్నరు, కాయిదం ఇస్తలేరు. ఏమన్న పెద్ద రోగముందా ఏంది, చెప్తలేరు?" అని సార్‌నే డాక్టరనుకుని అడిగింది. నేను తొందరగా కొట్టిన ఒక్క మాట వల్ల ఈమె పొద్దుటి నుంచి కూతురికి ఏమైందోనని వణుకుతోంది.

సార్ కూర్చుని, మిగిలిపోయిన ఆ పేరును వెతికి చేత్తో తొలగించారు. ప్రింటరు కదిలింది. ఆగి ఉన్న కాగితాలన్నీ వరసగా వచ్చాయి. పెద్దామె కూతురి కాగితం టెక్నీషియన్ చదివి, "మామూలు జ్వరమే అమ్మా, పరేషాన్ గాకు" అంది. ల్యాబు ఆయన ఊపిరి పీల్చుకుని, "ఈ కరెంటుతోని సచ్చిపోతున్నం సార్" అన్నారు. సార్ తల అడ్డంగా ఊపారు. "కరెంటు తప్పు గాదు, మీ కంప్యూటర్ తప్పు గాదు. తప్పు మాది" అన్నారు, అందరూ వినేట్టు. 'నాది' అనో 'ఈ పిల్లది' అనో అనలేదు. మాది అన్నారు.

బస్టాండులో అడిగారు. "ఆ పరీక్ష ఎందుకు ఆపినవ్ బిడ్డా?"

"ఫెయిలైతుండె సార్. తర్వాత చూద్దామనుకున్న."

"ఫెయిలైతే ఎర్రగనే ఉండనీయరాదు? ఎర్రగుంటే ఎవరో ఒకరు చూసి అడుగుదురు. నువ్వు దాని నోరు మూసినవ్."

ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చారు, ఓదార్చలేదు. బస్సు వచ్చాక మాత్రం, "ఇగ విండోస్ నీది. నేను ముట్ట" అన్నారు. అధికారం తీసేసుకుంటారనుకున్న నాకు అది దెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఆ వారం మేమిద్దరం కూర్చుని దాన్ని సరిచేశాం. ఆ విడుదల వివరాల్లో ఆయన ఏమీ దాచకుండా, కిందటిసారి ఒక పరీక్షను ఆపి విడుదల చేశాం, అందువల్ల ఇబ్బంది పడినవాళ్లకు క్షమాపణ అని రాశారు. ఆ తర్వాత నేను మారాను. మంచిదాన్నయ్యానని చెప్పను, నెమ్మదిదాన్నయ్యాను. ఈ రోజు నేను ధైర్యంగా ఉన్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

దినాలు అయిపోయాక మేడం నన్ను పైకి పిలిచారు. "ఈ మిషిన్లు ఎవరికన్న ఇచ్చేద్దునా?" అని అడిగారు. "వద్దు మేడం, శనివారం శనివారం నేనొస్త" అన్నాను. సార్ సగంలో వదిలిన పని ఒకటుంది. కిటికీ అవతలి నుంచి తడుతున్నది ఎవరో, ఏ యూజర్ తరఫున వచ్చారో అడిగి తెలుసుకునే ఏర్పాటు. నాలుగు సిస్టములూ ఆ ప్రశ్నకు నాలుగు రకాలుగా జవాబు చెబుతాయి. సార్ రాసిన కాగితాలు ముందు పెట్టుకుని మూడు శనివారాల్లో పూర్తి చేశాను. మూడింటి మీద పని చేసింది. బిఎస్‌డి మీద పదిసార్లు నడిపితే ఒకసారి ఫెయిలైంది.

ఆ పదోసారి గురించే మీకు చెప్పాలనిపించింది. మళ్లీ నడిపితే పచ్చగా వస్తుంది. ఆ ఫలితాన్నే పేజీలో పెడితే అబద్ధం కూడా కాదు. సార్‌ను అభిమానించేవాళ్లు, ఆయన జ్ఞాపకంగా ఈ విడుదల అంతా పచ్చగా ఉంటే ఎంత బాగుంటుందో అని ఉత్తరాలు రాశారు. నాకూ అలాగే అనిపించింది, కాదనను. ఒక పొద్దంతా సార్ కుర్చీలో కూర్చుని ఆలోచించాను. ఆయనకు పెట్టే దండలో ఒక కాగితప్పువ్వు కలపడానికి చేతులు రాలేదు. పదింటిలో ఫెయిలైన ఆ ఒక్కదాన్నే పేజీలో పెట్టాను.

మొన్న శనివారం సాయంత్రం విడుదల చేశాను. మేడం వచ్చి నా వెనక నిలబడి స్క్రీన్ చూశారు. చదువురాని మనిషి కాదు గానీ ఇంగ్లీషు పేర్లు కూడబలుక్కోవడం వరకే వచ్చు.

"మూడు పచ్చగున్నయి. గా ఎర్రది ఏంది?"

"అండ్ల ఒక్కోసారి నడుస్తలేదు మేడం. ఎందుకో ఇంక తెల్వదు."

"తెల్వదని రాసినవా?"

"రాసిన."

మేడం స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. బాధ్యులు అన్నచోట ఇన్నేళ్లూ ఆయన పేరు ఒక్కటే ఉండేది. ఇప్పుడు అక్కడున్న నా పేరు మీద ఆమె వేలు పెట్టి, ఇది నువ్వేనా అన్నట్టు చూశారు. అవునన్నాను. ఆ వేలు నెమ్మదిగా పక్కకు జరిగి, ఎర్ర గుర్తు మీద ఆగింది.