నీటి మీది బుడగలు

అండమాన్‌లో ఒక చిన్న దీవి దగ్గర నా మనవరాలు పగడాలు చూడాలని, వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగింది. నేను పడవలో కూర్చుని నిమిషాలు లెక్కపెడుతున్నాను.

"గడియారం సూత్తే పిల్ల తొరగా రాదు మామ్మా, నీల్లు సూడు," అంది పడవ నడిపే ఆమె. వాళ్ల పెద్దలది శ్రీకాకుళమట. "బుడగలు లేత్తన్నంతసేపూ ఊపిరి తీత్తన్నట్టే."

భూపాలపల్లిలో బొగ్గుబాయి లోపల పైకప్పు కూలినప్పుడు, మా ఆయన కోసం బాయి ముందు ముప్పై ఒక్క గంటలు నిలబడ్డాను. చివరికి శవాన్ని తెచ్చారు.

"మా బాయి మీద గసొంటి గుర్తేం లేకుండె బిడ్డా," అన్నాను.

ఆమె నా పక్కన కూర్చుంది. ఇద్దరం బుడగలు చూశాం.

ఇరవై రెండో నిమిషంలో మనవరాలు నవ్వుతూ పైకి వచ్చింది. ఆ ముప్పై ఒక్క గంటల్లో ఆయన ఎంతసేపు ఊపిరి తీశాడో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.