గుమ్మం బయట చెప్పిన సాక్ష్యం

మా ఆయన ఫ్రాన్సిస్ కంచరపాలెంలో రైలు పట్టాల దగ్గర చిన్న షెడ్డులో గేట్లు, కిటికీ గ్రిల్స్ వెల్డింగ్ చేసేవాడు. వాగుడుకాయ. వీధిలో ఎవరు ఎదురైనా నవ్వించకుండా వదిలేవాడు కాదు. నాకు నోరు తక్కువ. ఇద్దరి మాటలూ తనే మాట్లాడేసేవాడు.

మొదటిసారి టీబీ అన్నప్పుడు భయపడ్డాం గాని, సర్కారు ఆసుపత్రి మాత్రలకు మూడో నెలకే దగ్గు కట్టేసింది. అన్నం సయించింది, ముఖం తేటపడింది. ఆ ఆదివారం మా ప్రార్థన మందిరంలో లేచి సాక్ష్యం చెప్పాడు. మాలో స్వస్థత పొందినవాళ్లు ఆ సంగతి అందరి ముందూ చెప్పి దేవుణ్ణి మహిమపరుస్తారు. విన్నవాళ్లంతా "స్తోత్రం" అన్నారు. మర్నాడు పొద్దున్న మాత్రలు, నీళ్లు ఇస్తే తోసేశాడు.

"బాగైపోనానని అంతమందిలో సెప్పి, ఇంటికొచ్చి మాత్ర మింగితే ఏటే అది? దేవుడి మీద అబద్దమాడినట్టు కాదా?"

పాస్టరుగారు ఇంటికి వచ్చి మరీ చెప్పారు. "డాక్టర్నీ దేవుడే ఇచ్చాడు ఫ్రాన్సిస్, మింగవయ్యా."

"మీరే నమ్మకపోతే ఎలాగండి అయ్యగారూ!" అని నవ్వేశాడు ఈయన.

ఏడాది తిరక్కుండా దగ్గు మళ్లీ పట్టుకుంది. ఈసారి దాచాడు. జబ్బు తిరగబెట్టిందంటే తన సాక్ష్యం అబద్ధమవుతుందని, దేవుడి పేరు పాడవుతుందని ఆయన భయం. "వెల్డింగు పొగే, తగ్గిపోద్ది" అనేవాడు. రుమాల్లో నెత్తురు చూసి నేను గోలపెడితే గాని ఆసుపత్రికి కదల్లేదు. అక్కడ పరీక్ష చేసి, పాత మందులకు లొంగని టీబీ అన్నారు. మాత్రలు మధ్యలో మానేస్తే పురుగు ఇలా మొండికెత్తుతుందట. ఇక వేరే మాత్రలు ఏడాదిన్నర మింగాలన్నారు.

మందులకు మేం పైసా ఇవ్వలేదు. మిగతా వాటికే ఇల్లు ఊడ్చుకుపోయింది. గుడ్లు, పాలు, ఆటోలు, స్కానింగులు, పని లేని నెలలు. వెల్డింగు మిషను గాజువాకలో ఒకాయనకు అమ్మేశాం. మా అమ్మాయి రేచల్ చదువు ఆపి పూర్ణా మార్కెట్ దగ్గర బట్టల షాపులో చేరింది. ఆ మాత్రలకు ఆయన ఒళ్లంతా నల్లబడింది. అరికాళ్లు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు.

ఆశా కార్యకర్త దేముడమ్మ రోజూ వచ్చి ఎదురుగా కూర్చుని మింగించేది.

"ఏటి ఫ్రాన్సిసూ, మరీ నలుపెక్కిపోతన్నావు?"

"పోర్టులో బొగ్గంతా నామీదే దించేత్తన్నారక్కా" అనేవాడు. మాత్రలు గొంతు దిగేసరికి కళ్ల నీళ్లు తిరిగేవి.

ఒక ఆదివారం మాస్కు కట్టుకుని నాతో మందిరానికి వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడ్డాడు. సాక్ష్యాల వేళ చెయ్యెత్తాడు.

"దేవుడు నన్ను బాగుసేత్తంటే నానే మద్దెలో మాత్రలు ఒగ్గేసినాను. తప్పు ఆయంది కాదు, నాది. మీలో ఎవరికొచ్చినా ఒగ్గేయకండి."

ఆ మాటకు స్తోత్రం అనొచ్చో లేదో ఎవరికీ తెలియలేదు. చివరికి పాస్టరుగారొక్కరే మెల్లగా "స్తోత్రం" అన్నారు. ఈయన అప్పటికే మెట్లు దిగిపోయాడు.

వానలకు ముందు తెమడ పరీక్షలో పురుగు లేదని వచ్చింది. పక్కింటికి పరిగెత్తబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవలికీ సెప్పకు జయా. ఈసారి ఆకరి మాత్ర మింగేసినాక సెబుదాం."

పురుగు పోయింది గాని, ఊపిరితిత్తుల్లో మిగిలింది తక్కువ అన్నారు డాక్టరుగారు. గోడకు తలగడ ఆనించుకుని కూర్చునే నిద్రపోయేవాడు. మాటకూ మాటకూ మధ్య రొప్పేవాడు. జోకులు మానేశాడు. ఒక పొద్దున్న దేముడమ్మ వచ్చేసరికి ఆయన లేడు.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆడవాళ్లు నా చుట్టూ కూర్చున్నారు. "అన్ని మాత్రలు మింగినా పనిసెయ్యనేదేటే జయమణీ?" అంది వరసకు పిన్ని అయ్యే ఒకావిడ.

ఆఖరి మాత్ర దాకా చెప్పొద్దన్నాడు ఆయన. అయినా ఊరుకోలేకపోయాను.

"పనిసేసినాయి పిన్నీ. పురుగు పోయింది. మేమే ఆసుపత్రికి ఆలీసంగా ఎల్లినాం."

ఆవిడ జాలిగా నా వీపు నిమిరి, "ముందు ఈ టీ తాగమ్మా" అంది.