బుగ్గన చుక్క లేని పిల్లలు

యూరప్ చిత్రకారుల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎవరైనా మ్యూజియంకి రమ్మంటే కాళ్ళనొప్పులని చెప్పి తప్పించుకుంటాను.

డెబ్బైల చివర, న్యూజెర్సీలో, మా పాప ఏడో నెలలోనే పుట్టేసింది. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. ముక్కులో గొట్టం, అది కదలకుండా బుగ్గ మీద తెల్ల టేపు. పెట్టెకున్న కంతలోంచి చెయ్యి పెట్టి తాకనిచ్చేవారు గానీ ఎత్తుకోనిచ్చేవారు కాదు. రెండో రోజు కాటుక డబ్బా బ్యాగ్‌లో వేసుకెళ్ళి, టేపు లేని బుగ్గ మీద దిష్టి చుక్క పెట్టాను. నర్సు వచ్చి దూదితో తుడిచేసింది. ఇన్‌ఫెక్షన్ వస్తుందట. ఆమె తప్పేం లేదు. అయినా ఆ పూట ఆమెను మనసులో తిట్టని తిట్టు లేదు.

మిగతా పొద్దంతా వెయిటింగ్ రూమ్‌లోనే. మా ఆయన ఆఫీస్ నుంచి వచ్చేదాకా నాకు తోడు, అక్కడ ఎవరో వదిలేసిపోయిన లావుపాటి బొమ్మల పుస్తకం. యూరప్ చిత్రకళ అంతా అందులో ఉంది. మొదట్లో బంగారు రేకు అద్దిన పటాలు, వాటిలో పసివాళ్ళకు ముసలి మొహాలు. తర్వాత ఫ్లారెన్స్ వాళ్ళొచ్చి ఆ బుగ్గలు నింపారు, తొడల మీద మడతలు పెట్టారు. శతాబ్దాలు మారినా అదే తల్లి, ఒళ్ళో అదే బిడ్డ. నెలలు నిండని బిడ్డను గీయాలని ఒక్కడికీ తోచలేదు. చూస్తుంటే నాకు కడుపు మండిపోయేది.

ఐదో రోజు ఒక పేజీ తిప్పితే రోమ్‌లోని పాలరాతి విగ్రహం కనిపించింది. అదే తల్లి. ఒళ్ళో ఎదిగిన కొడుకు శవం. ఏసుక్రీస్తు కథ నాకు తెలియంది కాదు. కానీ ఆ క్షణాన తోచింది ఒకటే. ఇన్ని వందల ఏళ్ళు ఇంతమంది కళ్ళప్పగించి చూస్తే దిష్టి తగలక ఏమవుతుంది? పెన్ను తీసి మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళాను. కనిపించిన ప్రతి పసివాడి బుగ్గనా చుక్క పెట్టుకుంటూ వచ్చాను. వీళ్ళందరికీ దిష్టి తీస్తే నా పిల్ల బతుకుతుందనుకున్నాను. పిచ్చే అనుకోండి. చివర్లో, ఫ్రాన్స్ వాళ్ళు బొమ్మంతా రంగు చుక్కలతోనే వేసిన పేజీలొచ్చాయి. ఇన్నాళ్ళకు వీళ్ళకి బుద్ధొచ్చింది అనుకున్నాను.

మా ఆయన వచ్చి, అది చూసి తల పట్టుకున్నారు.

"అందరూ చూసే బుక్‌ని ఇలా స్పాయిల్ చేస్తావా?"

"అందరూ చూస్తారనే కదండీ పెట్టింది."

తర్వాత నర్సు కూడా చూసింది. ఈ చుక్కలెందుకని అడిగితే నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మర్నాడు వెళ్ళేసరికి పాప బుగ్గ మీది టేపు పైన నల్లటి చుక్క ఉంది. తన జేబులోని పెన్నుతో ఆమే పెట్టింది. ఆ రోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను.

తొమ్మిదో రోజు పొద్దున మా ఇద్దర్నీ లోపలికి పిలిచారు. ఊపిరి ఆగి అప్పటికి కాసేపయిందట. ఆ నర్సే గొట్టం తీసింది, టేపు ఊడదీసింది, మెత్తటి గుడ్డ చుట్టి పాపను మొట్టమొదటిసారి నా ఒళ్ళో పెట్టింది. చుక్క టేపుతో పాటే పోయింది. అది ఉన్నచోట బుగ్గ ఎర్రగా కందిపోయి ఉంది.

నర్సును పెన్ను అడిగాను. జేబులోంచి తీసి ఇచ్చింది.

"ఇంకెందుకే?" అన్నారు మా ఆయన.

"మనం చూస్తున్నాం కదండీ" అన్నాను.