విజయలక్ష్మి అడిగింది పని

2006 వేసవిలో ఈ కేసు నా దగ్గరికి వచ్చింది. అప్పటికి నేను ఢిల్లీలో ప్రాక్టీసు మొదలుపెట్టి పదేళ్లు దాటింది. సాకేత్‌లో ఒక మార్కెట్ పై అంతస్తులో చిన్న ఆఫీసు. ఎక్కువగా సర్వీసు కేసులు, అంటే ప్రభుత్వ ఉద్యోగుల పదోన్నతులు, సస్పెన్షన్లు, పింఛన్ల తగాదాలు చూసేదాన్ని. మాది నెల్లూరు. తెలుగు మాట్లాడే లాయరమ్మ ఉందని తెలిసి మనవాళ్లు నోయిడా నుంచీ, ఘాజియాబాద్ నుంచీ వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

విజయలక్ష్మి తన భర్త మల్లేశం మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. వాళ్లది కరీంనగర్ వైపు, ఉండేది ఘాజియాబాద్ దగ్గర వైశాలిలో. ఆమె కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ విభాగం ఒకదానిలో డ్రాఫ్ట్స్‌మన్, అంటే భవనాలకు ప్లాన్లు గీసే ఉద్యోగి. రెటీనా జబ్బుతో చూపు కొద్దికొద్దిగా తగ్గి, చివరికి పూర్తిగా పోయింది. మెడికల్ బోర్డు పరీక్షించి ఈ ఉద్యోగానికి పనికిరాదని తేల్చింది. ఇన్‌వాలిడేషన్ కింద, అంటే అనారోగ్యం వల్ల ముందుగానే, రిటైర్ చేస్తామని ఆఫీసు నోటీసు ఇచ్చింది.

"ప్లాన్లు గీసుడు ఇగ నాతోని కాదు మేడమ్, నేనే ఒప్పుకుంట," అంది ఆమె. "కని అంత పెద్ద ఆఫీసుల ప్లాన్లు గీసుడు ఒక్కటేనా పని?"

ఆమె అడిగిన ప్రశ్నకు చట్టంలో జవాబు ఉంది. వికలాంగుల హక్కుల కోసం 1995లో వచ్చిన చట్టంలో నలభై ఏడో సెక్షన్ అదే చెబుతుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చెయ్యలేకపోతే అదే జీతం, అదే హోదాతో వేరే పని ఇవ్వాలి. అలాంటిది ఏదీ లేకపోతే, దొరికేదాకా సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే ఆ మనిషి కోసమే సృష్టించిన అదనపు పోస్టులో ఉంచాలి. చదివి వినిపిస్తే ఆమె రెండోసారి చదవమంది. మల్లేశం మాత్రం, "ఇంత మంచి చట్టముంటే మరి నోటీసెట్ల ఇచ్చిన్రు మేడమ్?" అన్నాడు. ఆ రోజుల్లో చాలా ఆఫీసుల్లో ఆ సెక్షన్ ఉందనే తెలియదు. తెలిసినవాళ్లు కూడా మనం అడిగేదాకా తెలియనట్టే ఉండేవాళ్లు.

కేంద్ర ఉద్యోగుల సర్వీసు తగాదాలు వినే ట్రిబ్యునల్‌లో కేసు వేశాం. నోటీసును అమలు చెయ్యకుండా ఇంటరిమ్ ఆర్డర్, అంటే తీర్పు వచ్చేదాకా పనిచేసే తాత్కాలిక ఉత్తర్వు దొరికింది. ఉద్యోగం నిలిచింది కానీ పని రాలేదు. డ్రాయింగ్ హాల్లో ఆమె బల్ల తీసేసి వేరే వాళ్లకిచ్చారు. ఆమె రోజూ వైశాలి నుంచి ఉద్యోగుల కోసం నడిచే చార్టర్డ్ బస్సులో వచ్చి హాజరు వేయించుకుని, కారిడార్లో వాటర్ కూలర్ పక్కన బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చునేది. జాలిపడి కొందరు, "దీదీ, ఘర్ జాయియే నా, క్యోం పరేషాన్ హో రహీ హైఁ?" అనేవారట, ఎందుకీ అవస్థ, ఇంటికెళ్లండి అని. ఈమె నవ్వి, "డ్యూటీ పే హూఁ భయ్యా," డ్యూటీలో ఉన్నానన్నా, అనేదట. శని, ఆదివారాలు ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లి, తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ నేర్చుకోవడం మొదలుపెట్టింది.

చలికాలం వచ్చేసరికి ప్రభుత్వ న్యాయవాది నన్ను ట్రిబ్యునల్ వరండాలో ఆపి ఒక ప్రతిపాదన చెప్పాడు. సూపర్‌న్యూమరరీ పోస్టు ఇస్తారు. రిటైరయ్యేదాకా పూర్తి జీతం. ఆఫీసుకు రానక్కర్లేదు. కేసు మాత్రం ఉపసంహరించుకోవాలి.

ప్రతిపాదన వస్తే క్లయింటుకు చెప్పి తీరాలి. భార్యాభర్తలను పిలిపించి చెప్పాను. మల్లేశం ముఖం విప్పారింది. "ఇంకేం గావాలె? దండం బెట్టి ఒప్పుకుందాం," అన్నాడు.

"నేను ఒప్పుకోను," అంది విజయలక్ష్మి.

"మొన్న బస్సు దిగుతుంటె పడ్డవ్. మోకాలు పగిలింది. వెనకనుంచి బండి ఏదన్న వస్తే ఏమయ్యేదే? పొద్దుగాల నువ్వు పోయిన కాడికెల్లి ఫోనొచ్చేదాక నాకు పాణం కుదురుగుండదు." అది డబ్బు మీద ఆశ కాదని నాకు అర్థమైంది.

ఆమె చెయ్యి చాపి అతని చెయ్యి వెతికి పట్టుకుంది. "నీ భయం నాకెరుకే. కని ఇంట్ల కూసోబెట్టి జీతమిస్తే, నన్ను వద్దనుకున్నట్టే గద. పైసలిచ్చి వద్దంటున్నరు, అంతే."

తర్వాత నా వైపు తిరిగింది. "చట్టంల మొదలు ఏమున్నది మేడమ్? పనా, జీతమిచ్చి కూసోబెట్టుడా?"

"మొదట పని. అది లేనప్పుడే రెండోది."

"అయితే మొదటిదే అడుగుండ్రి."

తుది వాదనల రోజు బెంచి మీద కేసు వినే ట్రిబ్యునల్ సభ్యులు ఇద్దరు. "పూర్తి జీతం ఇస్తామంటుంటే మీ అభ్యంతరం ఏమిటి?" అని సీనియర్ సభ్యుడు అడిగారు. చట్టం పెట్టిన వరుసను మార్చే అధికారం ఆఫీసుకు లేదని వాదించాను. ఆమెకు తగిన పని ఉందో లేదో ఏయే విభాగాల్లో చూశారో చెప్పమన్నాను. ప్రభుత్వ న్యాయవాది వెనక్కి వంగి అక్కడ కూర్చున్న ఆఫీసు అధికారితో గుసగుసలాడి, ఇటు తిరిగి, "మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అన్నాక చూడాల్సిన అవసరం రాలేదు," అన్నాడు.

సీనియర్ సభ్యుడు విజయలక్ష్మినే నేరుగా అడిగారు, ఏ పని చెయ్యగలరని. కంప్యూటర్ శిక్షణ గురించి చెప్పాలని ముందే అనుకున్నాం. ఆమె లేచి నిలబడింది.

"సాబ్, మైఁ క్యా క్యా కర్ సక్‌తీ హూఁ, ముఝే భీ పూరా నహీఁ మాలూమ్. కిసీ నే కామ్ దేకర్ దేఖా హీ నహీఁ."

ఏమేం చెయ్యగలనో నాకూ పూర్తిగా తెలియదు, ఎవరూ పని ఇచ్చి చూడలేదు అని. సభ్యుడు పెన్ను తీసి ఏదో రాసుకున్నారు. నేను ఆపైన వాదించలేదు.

నోటీసు కొట్టేశారు. అదే హోదాలో తగిన పని వెతికి ఇవ్వాలనీ, అవసరమైన సాఫ్ట్‌వేర్ ఆఫీసే కొనాలనీ, అప్పటిదాకా కూడా ఆమెకు కుర్చీ, బల్ల ఇవ్వాలనీ తీర్పు చెప్పారు. సమాచార హక్కు చట్టం అప్పటికి కొత్త. దరఖాస్తులు కుప్పలుగా వస్తుంటే చూసేవాళ్లు లేక ఆఫీసు అవస్థ పడుతోంది. ఆ దరఖాస్తులు చూసే సెల్‌లో ఆమెను వేశారు. తొలి నెలలు సాఫీగా ఏమీ సాగలేదు. సాఫ్ట్‌వేర్ ఆలస్యంగా వచ్చింది. కాగితాలు చదివి వినిపించడానికి పక్క సీటాయన సణిగేవాడు. విజయలక్ష్మి రెండుసార్లు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. మానేస్తానని మాత్రం అనలేదు. మల్లేశం కొన్నాళ్లు బస్సుదాకా వచ్చి ఎక్కించేవాడు. తర్వాత తెల్ల కర్రతో ఒక్కతే వెళ్లడం నేర్చుకుంది.

ఏడాది తర్వాత వేరే క్లయింటు కోసం అదే ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పంపాను. ఒకరోజు ఫోన్ వచ్చింది. "మేడమ్, విజయలక్ష్మిని. ఏ డివిజన్ ఫైలు గావాల్నో మీరు రాయలేదు. సరిజేసి పంపుండ్రి."

"నువ్వే ఎక్కడుందో చూసి ఇవ్వకూడదా?" అన్నాను నవ్వుతూ.

"అందరికి ఒక్కటే రూలు మేడమ్," అని పెట్టేసింది.

పిటిషన్ చివర కోర్టును ఏం అడుగుతున్నామో రాసే భాగాన్ని మేం ప్రేయర్ అంటాం. వివక్ష కేసుల్లో అక్కడ జీతం, బకాయిలు, నష్టపరిహారం రాయడం అలవాటు. అవి కావాల్సినవే. విజయలక్ష్మి కేసు తర్వాత నేను ప్రేయర్ రాసే ముందు క్లయింటును నీకేం కావాలని అడిగి, వాళ్లు చెప్పేదాకా పెన్ను ముట్టను. ఎక్కువమంది ముందుగా చెప్పేది ఒకటే: నలుగురితోపాటు ఆఫీసు లోపల కూర్చుని పని చెయ్యాలని. ఇప్పుడు నేను రాసే ప్రేయర్‌లో మొదటి పంక్తి అదే.