కింద పాట, పైన నిద్ర

మా రైల్వే క్వార్టర్ పైకప్పు తీసి కొత్తది వేస్తున్నారని కొన్ని నెలలు బయట ఉండాల్సి వచ్చింది. ఆ తొందరలో, మేముండే హిందీ ఊళ్ళోనే, బుధ్‌వారీ బజార్ వెనక సందులో, ఒక పాటల హాలు మీద రెండు గదులు దొరికాయి. శని, ఆదివారాల సాయంత్రాలు అక్కడ గజళ్ళూ పాత హిందీ పాటలూ పాడేవారు. బోద్రీ కోర్టు నుంచి వకీళ్ళు, కోని వైపు నుంచి కాలేజీ పిల్లలు వచ్చి టీ తాగుతూ వినేవారు. మిగతా రోజుల్లో పగటిపూట ప్రాక్టీసు. మేం ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు హాలుకి తాళం వేసి ఉంది. కింద గోడౌన్ అనుకున్నాను.

మా ఆయన గూడ్స్ బండి నడుపుతారు. రాత్రంతా బొగ్గు లాగి పొద్దున్నే ఇంటికొస్తారు. మళ్ళీ డ్యూటీకి ఫోన్ వచ్చేలోగా నిద్రపోవాలి. నిద్ర లేని మనిషి ఇంజను ఎక్కితే ఏమవుతుందో రైల్వే ఇళ్ళలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. నేను కాపురానికి వచ్చిన వారంలోనే మా అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి, "మనది బండి నడిపే రన్నింగ్ స్టాఫ్ ఇల్లే అమ్మా. వాడు తొంగుంటే నీ గాజులు కూడా చప్పుడు సెయ్యకూడదు" అన్నారు. అంతే. కాలింగ్ బెల్ వైరు పీకేశాం. పోపు వేస్తే మూకుడు మీద మూత పెట్టేదాన్ని. కుక్కర్ కూత పెట్టబోతుంటే ముందే గరిటెతో వెయిట్ ఎత్తి ఆవిరి వదిలేదాన్ని. పూజలో గంట కొట్టకుండా హారతి ఇచ్చేదాన్ని. మా పాప మాటల కన్నా ముందు సైగలు నేర్చింది. గట్టిగా మోగే హక్కు ఆ ఇంట్లో ఒక్క ఫోనుకే ఉండేది.

ఇక పాట సంగతి చెప్పాలా? పెళ్ళికి ముందు మా పుట్టింటి కాలనీలో రామనవమి పందిట్లో నేను పాడితే మైకు దండగ అనేవారు. పెళ్ళయ్యాక ఇరవయ్యేళ్ళు కూనిరాగం కూడా తియ్యలేదు. ఎవరూ వద్దనలేదు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు పాడుకోవచ్చుగా అని మీరనొచ్చు. అదేం చిత్రమో, ఆ ఇంట్లో ఆయన లేకపోయినా నా గొంతు లేచేది కాదు.

అద్దె గదుల్లో మొదటి పగలు ఆయన అలా పడుకున్నారో లేదో, కింద తబలా మొదలైంది. దాని వెనకే ఒకావిడ గొంతు. మామూలు గొంతు కాదు, మెట్లెక్కి వచ్చి మంచం పక్కన కూర్చునే గొంతు. చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తాను. ఆవిడ నా ఈడుదే. కాటన్ చీర, కొప్పులో పెన్ను. మా ఆయన రన్నింగ్ స్టాఫని, పగలే పడుకోవాలని హిందీలో చెప్పగానే లేచి నిలబడి, "అచ్ఛా, క్షమించండి దీదీ, మెల్లగా పాడతాను" అంది. పోట్లాడి ఉంటే బాగుండేది.

పైకొచ్చి చూద్దును కదా, ఈయన గుర్రుపెడుతున్నారు.

సాయంత్రం లేచి టీ తాగుతూ, "ఏటి పాడిందే ఆవిడ. ఇలా పడుకున్నాను, అలా నిద్దరొచ్చీసింది. రేపు ఆ కిటికీ తీసుంచు" అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. నేను గాజులు పైకి తోసుకుని ఇరవయ్యేళ్ళు బతికితే, ఈయనకి తబలా కొడితే నిద్రొస్తుందా? ఆవిడ మొహం కూడా ఆయన చూడలేదు. అదే నాకు ఇంకా మంట. మొహం చూసి మోజుపడితే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. గొంతుని ఏమని తిట్టను?

ఆ రోజు నుంచీ నేను ఆవిడని చూసి కుళ్ళుకోవడమే పనిగా పెట్టుకున్నాను. అసూయ అని నాజూగ్గా చెప్పను, కుళ్ళే. ఆవిడ పొద్దున్నే రిక్షా దిగుతుంటే వరండాలోంచి చూసేదాన్ని. ఎవరో టీ అందిస్తే తాగుతుంది. నచ్చని చోట ఆపి, మళ్ళీ మొదటినుంచి పాడుతుంది. ఒక మనిషికి అంత చప్పుడు చేసే హక్కు ఎవరిచ్చారా అని పళ్ళు నూరుకునేదాన్ని. ఎక్కడ తప్పు పాడుతుందా అని చెవులు రిక్కించుకుని వినీ వినీ, ఆవిడ వానాకాలం మీద పాడే గజల్ ఒకటి నాకు మొత్తం నోటికి వచ్చేసింది.

ఒకరోజు ఉండబట్టలేక, "నేను పాడనా, నిద్రొస్తుందేమో?" అని అడిగాను.

"నువ్వా?" అని నవ్వి, "డ్యూటీ ఉందే, ఊరుకో" అని దుప్పటి లాక్కున్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా.

తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ ఏదో పెళ్ళిలో పాడ్డానికి ఊరెళ్ళింది. హాలుకి తాళం. ఈయన డ్యూటీ నుంచి వచ్చి, తిని, పడుకుని అటూ ఇటూ దొర్లుతున్నారు. "ఈరోజింకా మొదలెట్టలేదేటి?" అన్నారు కళ్ళు మూసుకునే. వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, సందువైపు కిటికీ తీసి, ఆవిడ గజలే అందుకున్నాను. రెండో చరణానికి గొంతు లేచింది. చివరికొచ్చేసరికి ఎదురు మేడ మీద బట్టలారేస్తున్నావిడ చెయ్యి ఆపి ఇటు చూస్తోంది. పాట ఆపి గదిలోకి తొంగిచూస్తే ఆయన గాఢనిద్రలో ఉన్నారు.

సాయంత్రం నేను కుక్కర్ పొయ్యి మీద పెడుతుంటే వచ్చారు. "ఈరోజు కింద ఆవిడ అదరగొట్టీసిందే. రోజూ కన్నా బాగుంది" అన్నారు.

ఒక్క క్షణం ఎగిరి గంతెయ్యాలనిపించింది. మరుక్షణం కుళ్ళు మళ్ళీ లేచింది. నా పాట కూడా ఆవిడదే అయిపోయిందా?

"కింద పొద్దున్నుంచీ తాళం వేసుంది. చూసుకోండి" అన్నాను.

వరండాలోకి వెళ్ళి, రెయిలింగ్ మీదికి వంగి చాలాసేపు చూశారు. ఇటు కుక్కర్ కూతకొచ్చింది. నేను గరిటె అందుకోలేదు. సందంతా వినబడేలా కూసింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"నువ్వేనా?"

నేను కూర కలుపుతున్నాను.

"ఇన్నాళ్ళూ ఎప్పుడూ పాడలేదేటే?"

"మీరు పడుకున్నారు" అన్నాను.